గీకేసిన సిలువ

సాయంత్రం నదికి పోటు రాగానే పడవ కదులుతుంది. అందులో జిలియన్ పికరింగ్‌ను కూర్చోబెట్టి గ్రెనిచ్ రాజమందిరం నుంచి లండన్ టవర్ చెరసాలకు తీసుకుపోతారు. అక్కడ మనుషుల్ని సాగదీసే బల్ల ఒకటుంది. దాని మీద పడుకోబెడితే ఎవరైనా జానెడు పొడుగవుతారు, అడిగినవన్నీ ఒప్పుకుంటారు. నేను పొట్టివాణ్నే, కానీ ఆ పొడుగు నాకు కూడా అక్కర్లేదు.

రాజుగారు ఎక్కడ బస చేస్తే అక్కడ జరిగే దొంగతనాలూ అనుమానపు చావులూ విచారించడం నా ఉద్యోగం. నా పేరు హంఫ్రీ టాల్‌బాయ్. ముసలి రాజుగారి కాలంలో చేరాను, ఆయన కొడుకు కాలానికి మోకాళ్లు అరిగిపోయాయి. చిన్న రాజుగారికి ఇంకా మీసం రాలేదు. ఆయన కొత్త మతం. సవతి తల్లి కూతురైన ఆయన పెద్దక్కగారు పాత మతం. ఇద్దరికీ దేవుడు ఒక్కడే, ఆయనతో ఏ భాషలో మాట్లాడాలన్న దగ్గరే పేచీ. రాజుగారేమో మన ఇంగ్లీషులో చాలంటారు. అక్కగారు లాటిన్ పూజ మానితే ప్రాణం మానినట్టే అంటారు. మధ్యలో నలిగేది మాలాంటి వాళ్లం.

జిలియన్ ఆ అక్కగారి దగ్గర బట్టల పని చూసే మనిషి. మంగళవారం నాడు తమ్ముడి కోసం అక్కగారు కుట్టించిన చొక్కాలూ, ఒక డబ్బా నిండా క్విన్స్ పళ్ల పాకమూ పట్టుకొచ్చింది. గురువారం, చిన్న రాజుగారి పేరున పాలన చూసే రాజమండలి వారి మనిషి రాల్ఫ్ డెన్‌కూమ్ రాజుగారి దినచర్య పుస్తకం తెరిచి, అందులో మంగళవారం నాటి రాతని పెద్దలందరికీ చదివి వినిపించాడు. జిలియన్ తన మంచం పక్కకు వచ్చి పాకం నోట్లో పెట్టిందనీ, అక్కను పూజ చేసుకోనివ్వకపోతే ఈస్టర్ పండుగ చూడవని చెవిలో చెప్పిందనీ, అప్పట్నుంచీ కడుపులో మంట అనీ రాజుగారు స్వహస్తాలతో రాసుకున్నారట. రాజుగారు దగ్గుతో మంచం పట్టి అప్పటికే వారం దాటింది. వెళ్లి అడుగుదామంటే వైద్యులు గుమ్మం తొక్కనివ్వరు.

గురువారం రాత్రి ఆ పుస్తకం నా చేతికిచ్చి, 'రాత రాజుగారిదే అని ఒక ముక్క రాసి సంతకం పెట్టు' అన్నారు. నేను పెట్టలేదు. శుక్రవారం పొద్దున్నే ముందు మనిషిని చూద్దామని వెళ్లాను.

ఆమెను బట్టలు ఉతికే గదిలో పెట్టి తాళం వేశారు. లావుపాటి మనిషి, తలగుడ్డ కింద నెరిసిన జుట్టు. బోర్లించిన తొట్టి మీద కూర్చుని ఎవరివో చిరిగిన మేజోళ్లు కుడుతోంది.

"ఎవరివమ్మా ఆ మేజోళ్లు?"

"తలుపు బయట కాపలా ఉన్నవాడివి. మడమ దగ్గర చిరుగు చూస్తే నాకు వొళ్లు మండింది, విప్పి ఇవ్వమన్నాను. నువ్వేనా టాల్‌బాయ్? ఇంకాస్త పెద్ద మనిషిని పంపుతారనుకున్నా."

"పెద్ద సైజువాళ్లంతా పనుల మీద ఉన్నారు. ఖాళీగా ఉన్నానని నన్ను పంపారు."

కాగితం మోకాలి మీద పరిచి, పైన చిన్నగా రెండు గీతలు లాగి కలం పారుతోందని చూసుకుని, రాయడానికి సిద్ధమయ్యాను. ఆమె దారం కొరికింది.  సూది గుడ్డలో గుచ్చి రెండు చేతులూ ఒళ్లో దాచుకుంది.

మనిషి భయంలో ఉన్నప్పుడు నిజం కూడా అబద్ధంలాగే బయటికొస్తుంది. అందుకని ముందు మా ఊరి బాతు కథ చెప్పాను. మా అమ్మ పెంచిన ఆ బాతు చలికాలంలో చెరువు గడ్డకట్టినప్పుడు కాళ్లు అతుక్కుపోయి, చెరువు మొత్తాన్నీ ఎత్తుకుని పక్క ఊరికి ఎగిరిపోయిందనీ, ఇప్పటికీ ఆ నీళ్ల కోసం రెండూళ్లకీ తగువేననీ చెప్పాను.

"నీ వయసుకి సిగ్గులేదూ?" అంది. కానీ నవ్వింది. చేతులు ఒళ్లోంచి బయటికొచ్చాయి.

"మంగళవారం రాజుగారి గదిలోకి వెళ్లావా?"

"గది దాకా ఎవరు పోనిచ్చారు? మెట్ల దగ్గరే ఆపారు. డబ్బా, చొక్కాలు స్నెల్ చేతిలో పెట్టాను. బాబు ఎలా ఉన్నాడంటే దగ్గుతున్నాడన్నాడు. తేనె వేడిచేసి ఇమ్మన్నాను. అంతే."

"ఈస్టర్ మాట?"

"ఆ బిడ్డకి మొదటి చొక్కా కుట్టింది నేనయ్యా. నామకరణం నాడు ఆ చొక్కాతోనే ఎత్తుకున్నారు. నేను వెళ్లి వాడి చెవిలో చస్తావు అంటానా?" ఆమె మేజోళ్లు పక్కన పెట్టేసింది. "నా సంగతి వదిలెయ్యి. బల్ల మీద పడుకోబెడితే నేనేం వాగుతానో నాకే తెలీదు. మా అమ్మగారి, అదే బాబు అక్కగారి పేరు చెప్పమంటారు. చెప్పేస్తాను టాల్‌బాయ్, నాకు ఓర్పు లేదు. చెప్పేస్తే ఆవిడ తల పోతుంది."

అదన్నమాట అసలు సంగతి. ఈ ముసలిదాని ఎముకలు ఎవరికీ అక్కర్లేదు. వాటిలోంచి రాలే పేరు కావాలి. నేను లేచాను. రాసిన కాగితాలు కాపలావాడు చెయ్యి చాపి తీసుకున్నాడు, మండలి వారికి అందజెయ్యాలట. ఇచ్చేశాను. అలసిన మనిషి ఎవరు చెయ్యి చాపినా ఇచ్చేస్తాడు.

అక్కణ్నుంచి పుస్తకం చంకన పెట్టుకుని రాజుగారి రాతగదికి ఎక్కాను. మెట్టు మెట్టుకీ మోకాలు నన్ను తిట్టింది. రాతగది తలుపు తీసింది స్నెల్. రాజుగారికి పక్క వెయ్యడం, కొవ్వొత్తులు చూడడం, తాళాలు మొయ్యడం ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో అతని పని.

"ఏరా స్నెల్, డబ్బా నీకే ఇచ్చిందా?"

"నాకే ఇచ్చింది. నేను గుమ్మం దాకా తెచ్చాను. మండలి పెద్ద లార్డ్ వెల్మర్ పెట్టిన వైద్యులు అక్కడే లాక్కున్నారు. సగం వాళ్లే తిన్నారు, ఒక్కడికీ కడుపునొప్పి రాలేదు."

"నువ్వు లోపలికి పోవా?"

"ఎక్కడ పోనిస్తున్నారు? జబ్బు తగ్గేదాకా గది తాళాలు లార్డ్ వెల్మర్ దగ్గరుండాలని రాజుగారే ఆ పుస్తకంలో రాశారట. చదివి వినిపించారు. 'నాకు తండ్రిలాంటి వెల్మర్' అని రాశారట." స్నెల్ నడుముకున్న ఖాళీ గొలుసు తడుముకున్నాడు. "నా తాళాలు ఇంకొకరికి ఇచ్చేముందు బాబు నాతో ఒక్క మాట అంటాడనుకున్నాను. పోన్లే."

"ఈ రాతగదిలోకి ఇంకెవరొస్తారు?"

"లాటిన్ చెప్పే కుర్రాయన, కాగితాలు తెచ్చే డెన్‌కూమ్ దొర. లార్డ్ వెల్మర్ ఎప్పుడు కావాలంటే అప్పుడొస్తారు, ఆయన్ని లెక్కెయ్యకూడదుగా."

లెక్కెయ్యలేదు. కిటికీ పక్క బల్ల మీద పుస్తకం తెరిచాను.

రాత్రి కొవ్వొత్తి దగ్గర చూసినప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. రాజుగారు రాసుకునే తీరు మహా పొడి. 'ఫ్రాన్సు రాయబారి వచ్చెను. ఎలుగుబంటి ఆట చూపితిమి.' 'గుర్రము మీద నుండి పడితిని. లేచితిని.' అంతే, ఎక్కడా ఉఫ్ అనడు, ఆహా అనడు. చిన్నవాడే గాని రాళ్లు పేర్చినట్టు రాస్తాడు. మంగళవారం రాత మాత్రం అలా లేదు. 'నా హృదయము బ్రద్దలైనది. అక్క ఇంత పని చేయించునా' అని కన్నీళ్లు కారుతున్నాయి. అక్షరాల వంపులు అచ్చం ఆయనవే. ఇలాంటి చేతిరాతని గురువు నేర్పుతాడు, ఓపికుంటే ఎవడైనా దించుతాడు.

పగటి వెలుగులో ఆ ఆకుని కిటికీ అద్దానికి ఆనించాను. పైన, మొదటి వరుసకు కాస్త ఎగువన, మధ్యలో ఒక్కచోట కాగితం పల్చబడి వెలుగు ఎక్కువగా వస్తోంది. కలం చెక్కే చాకుతో ఎవరో గీకారు. ఉమ్మితో తడిచేసిన వేలు అక్కడ ఆనించాను. మిగతా కాగితం మీద తడి పూసల్లా నిలిచింది, ఇక్కడ చటుక్కున ఇంకిపోయింది. కాగితానికి పూసిన జిగురు పోయిందన్నమాట. ఇంకొకటి కూడా చూశాను. మొదటి వరుసలో ఒక అక్షరం తోక పొడుగ్గా పైకి సాగి ఆ గీకిన చోటు అంచుని తాకింది. తాకిన మేరకు సిరా వెంట్రుకల్లా పాకింది. అంటే ముందు గీకారు, ఆ తర్వాతే రాశారు. గీకినవాడూ రాసినవాడూ ఒకడే.

ఏం గీకాడు? కాగితాన్ని వాల్చి పక్కనుంచి చూశాను. కలం నొక్కిన గాడి ఇంకా ఉంది. ఒక నిలువు గీత, దాని మీద అడ్డం గీత.

సిలువ.

నాకు నవ్వొచ్చింది, వెంటనే నీరసమొచ్చింది. మా ఊళ్లో మఠం వాళ్ల గుమ్మం గదిలో బడి ఉండేది. సన్యాసులు అక్షరం నేర్పేముందు సిలువ నేర్పేవాళ్లు. పలక మీద గానీ కాగితం మీద గానీ, పైన సిలువ గీస్తేనే కింద అక్షరం పడాలి. మరిచిపోతే వేళ్ల మీద పడేది. ముసలి రాజుగారు మఠాలు మూయించి ఎన్నేళ్లయినా, అక్కడ చదివిన చెయ్యి ఆ అలవాటు మరిచిపోదు. కొత్త మతం గురువుల దగ్గర చదివిన రాజుగారికి ఈ పద్ధతే తెలీదు. ఆయన పుస్తకం పైన సిలువ ఎందుకుంటుంది?

ఈ దొంగరాత రాసినవాడు మఠంలో చదివినవాడు. కుర్ర లాటిన్ గురువు కాదు, మఠాలు మూసేనాటికి అతనికి పలక పట్టే వయసు కూడా రాలేదు. స్నెల్‌కి అక్షరం రాదు. ఇక మిగిలింది డెన్‌కూమ్. పాత మతం పేరు చెబితే నేల మీద ఉమ్మే డెన్‌కూమ్.

మిగతా ఆకులు కూడా అద్దానికి ఆనించి చూసి ఉండాల్సింది. ఒకటి దొరికింది కదా అని పుస్తకం మూసేశాను. కళ్లు మండుతున్నాయి, కింద భోజనానికి గంట కొట్టారు.

ఈస్టర్ ముందు ఉపవాస దినాల శుక్రవారం. మతం మారినా చేపల రోజులు మారలేదు, పడవలవాళ్లు బతకాలని చట్టం చేశారు. పొడుగు బల్ల మీద ఎండుచేప, చప్పటి కూరముక్కలు. డెన్‌కూమ్ నా ఎదురుగా కూర్చున్నాడు. నలభై దాటిన బక్కపల్చటి మనిషి, నల్లకోటు, గోళ్లు కూడా శుభ్రం.

"ఏం ముసలాయనా, సంతకం అయిందా? పోటు మన కోసం ఆగదు."

"చెయ్యి వణుకుతోంది దొరగారూ. తిన్నాక చూద్దాం. ఈ చేప చూస్తే మా ఊరి మఠం గుర్తొస్తోంది. అక్కడ వంటసన్యాసి ఆవపిండి నూరితే, ఆ ఘాటుకి గంటలు కొట్టేవాడు ఎంత గట్టిగా తుమ్మాడంటే గంట దానంతటదే మోగింది. ఊరంతా పెళ్లనుకుని బట్టలు మార్చుకుని వచ్చేశారు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. డెన్‌కూమ్ నవ్వలేదు. "మఠాల గబ్బు మీకింకా వదల్లేదన్నమాట. నేను లండన్‌లో బట్టల వర్తకుడి కొడుకుని. ఏ మఠం గడపా తొక్కలేదు, తొక్కితే కాళ్లు కడుక్కునేవాణ్ని."

"ఎప్పుడూ తొక్కలేదా?"

"ఎప్పుడూ. కావాలంటే రాసుకో, నీకు రాయడమంటే సరదా కదా."

అంతలో పురోహితుడు లేచి బైబిల్ తెరిచాడు. చదువు సాగినంతసేపూ బల్ల దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. ఇది కొత్త మతం వాళ్లు గొప్పగా పెట్టుకున్న నియమం. కానీ నాకు మాత్రం చిన్నప్పటి మఠం భోజనశాల కళ్లకు కట్టింది. అక్కడ కూడా ఇంతే. ఒకడు చదివేవాడు, మిగతావాళ్లు నోరు మూసుకుని తినేవాళ్లు, కావలసింది చేత్తో సైగచేసి అడిగేవాళ్లు. నేను పళ్లేలు మోసేవాణ్ని, ఆ సైగలన్నీ నాకు వచ్చు.

చదువు సాగింది. గొంతు ఒకే స్థాయిలో పోతోంది. చెంచాల చప్పుడు తప్ప ఏమీ లేదు. డెన్‌కూమ్ కళ్లు దించుకుని ముళ్లు ఏరుకుంటున్నాడు. భుజాలు వదులయ్యాయి. ఆ గొంతు, ఆ చేప వాసన అతణ్ని ఎక్కడికో తీసుకుపోయే దాకా ఆగాను. తర్వాత కుడి పిడికిలి బిగించి, ముక్కుకి ఆనించి, రెండుసార్లు రుద్దాను. పక్కవాడికి జలుబు చేసిన ముసలివాడిలా కనబడి ఉంటాను.

డెన్‌కూమ్ తల ఎత్తకుండానే ఎడం చెయ్యి చాపి ఆవగిన్నె నా ముందుకి జరిపాడు.

జరిపాక చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. మెల్లగా తలెత్తాడు. నేను ఆవముద్ద చేప మీద వేసుకున్నాను. ఘాటు బాగానే ఉంది.

చదువు అయిపోగానే వసారాలో నన్ను పట్టుకున్నాడు. రొమ్ము మీద చెయ్యి పెట్టి గోడకి నెట్టాడు, గట్టిగా కాదు.

"ఏమిటా వేషం?"

"ఏ మఠం నాయనా నీది? సైగ బాగా పాతది. మా వైపుదే అనుకుంటా."

అతను ఇటూ అటూ చూశాడు. గొంతు తగ్గింది. "ఒకటి చెప్పు. గిన్నె జరిపినందుకు ఉరితీస్తారా?"

"గిన్నెకి తియ్యరు. ఆకు పైన సిలువ గీకావు చూడు, దానికి తీస్తారు."

ముఖంలో రంగు పోయింది గాని, మనిషి గట్టివాడు. మూడు ఊపిరులు తీసుకుని కోటు లోపల్నుంచి కాగితాలు తీశాడు. పొద్దున జిలియన్ చెప్పినవి నేను రాసిన కాగితాలు.

"ఇవి నీ చేతిరాతే కదా?"

"నాదే."

"పైన చూసుకో."

చూసుకున్నాను. ప్రతి కాగితం పైనా, మధ్యలో, చిన్న సిలువ. కలం పారుతోందో లేదో చూసుకునే గీతలు. ముప్పై ఏళ్లుగా నేను అలాగే అనుకుంటున్నాను.

"పుస్తకం నిన్న రాత్రంతా ఎవరి దగ్గరుంది? నీ దగ్గర," అన్నాడు డెన్‌కూమ్. "నేను పెద్దలకి చదివి వినిపించిన అసలు ఆకు నువ్వు చింపేశావు. అవే మాటలు నువ్వు తిరగరాసి, సిలువ గీసి గీకి, నన్ను ఇరికిద్దామని చూశావు. పాత మతం దానిని కాపాడదామని. సిలువ గీసే చెయ్యి నీదే అనడానికి సాక్ష్యం నువ్వే రాసిచ్చావు. ఎవరి మాట నమ్ముతారంటావు?"

నేను సిలువ మీద వేలితో రుద్దాను. పోలేదు.

"ఒక దారుంది," అన్నాడు అతను, ఇప్పుడు మెత్తగా. "రాత రాజుగారిదే అని సంతకం పెట్టు. ఈ కాగితాలు పొయ్యిలో వేస్తాను. నువ్వు ఊరెళ్లి తేనెటీగల్ని పెంచుకుంటూ బతుకు. ఆ ముసలిది ఎలాగూ ఎన్నాళ్లు బతుకుతుంది? నాకూ ఇష్టమై చేస్తున్న పని కాదు టాల్‌బాయ్. దేశం మళ్లీ వెనక్కి పోకూడదు. ఆ అక్క గద్దెనెక్కిందంటే మనలో ఎంతమంది మంటల్లో కాలతారో లెక్కేసుకో."

ఆ చివరి మాట అతను నిజంగానే నమ్ముతున్నాడు. అందుకే నాకు కోపం కూడా సరిగ్గా రాలేదు. వసారా చివర కిటికీలోంచి నది కనబడుతోంది. బురద మీద పడుకున్న పడవలు ఒక్కొక్కటే నీళ్లు తగిలి కదులుతున్నాయి.

"నువ్వు చెప్పిందంతా లార్డ్ వెల్మర్ ముందు చెబుతావా?" అన్నాను.

"ఏది?"

"నేను తిరగరాశానన్నది."

"చెప్పమంటే చెబుతాను."

"చెబుదువుగాని, పద."

లార్డ్ వెల్మర్ రాజుగారి గదికి పక్కనున్న గదిలో పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. మండలిలో అందరికంటే పెద్ద, మాట మెత్తన. గోడ అవతల రాజుగారు దగ్గుతున్నారు. చిన్నపిల్లల దగ్గు, సన్నగా, ఆగి ఆగి. నేను పుస్తకం ఆయన ముందు పెట్టి, గీకిన చోటూ, పాకిన సిరా, మఠం అలవాటూ, ఆవగిన్నె, అన్నీ చెప్పాను. డెన్‌కూమ్ నా కాగితాలు పెట్టి తన కథ చెప్పాడు. బాగా చెప్పాడు. నేనే జడ్జినైతే నాకు శిక్ష వేసేవాణ్ని.

"టాల్‌బాయ్, ఏమంటావు?" అన్నాడు వెల్మర్.

"ఏమీ అనను ప్రభూ. ఈ ఆకు నేను రాశానని దొరగారు ప్రమాణం చేస్తారా, అది ఒక్కటి అడగండి."

"చేస్తాను," అన్నాడు డెన్‌కూమ్.

"అయితే గొడవే లేదు. ఈ ఆకు అతను రాశాడని నేనంటున్నాను. నేను రాశానని అతనంటున్నాడు. రాజుగారు రాశారని ఇప్పుడు ఈ గదిలో ఎవరూ అనడం లేదు, నేను చింపానంటున్న అసలు ఆకు చూపించేవాళ్లూ లేరు. రాజుగారు రాశారని రుజువు లేని మాటకి జిలియన్ పికరింగ్‌ని బల్ల ఎక్కించడం ఏ చట్టం ప్రకారమో నాకు తెలీదు."

  గోడ అవతల దగ్గు వినబడింది.

వెల్మర్ పొయ్యిలో కట్టె ఒకటి ఎగదోశాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "ఆ ముసలిదాన్ని వదిలెయ్యండి," అన్నాడు గుమ్మం దగ్గరి కాపలావాళ్లతో. "గుర్రం ఇచ్చి వాళ్ల అమ్మగారి దగ్గరికి పంపండి. పడవ ఎలాగూ సిద్ధంగా ఉంది. వీళ్లిద్దరినీ ఎక్కించండి. ఎవరు రాశారో టవర్‌లో తేలుతుంది." తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "టాల్‌బాయ్, మిగతా ఆకులు కూడా ఇలాగే వెలుగులో పెట్టి చూశావా?"

"లేదు ప్రభూ. ఆ ఒక్కదానికే కళ్లలో నీళ్లు తిరిగాయి."

"పాపం, పెద్దవాడివి," అన్నాడు. పుస్తకం మూసి తన మోచేతి కింద పెట్టుకున్నాడు.

రేవు దగ్గర జిలియన్‌ను చూశాను. గుర్రం మీద బస్తాలా కూర్చుని ఉంది. మా చేతులకి తాళ్లు చూసి దిగబోయింది. కాపలావాడు దిగనివ్వలేదు. వాడి కాళ్లకి కుట్టిన మేజోళ్లున్నాయి.

"టాల్‌బాయ్! ఇదేంటయ్యా? నీకేమైంది?"

"ఏం లేదమ్మా, కాస్త పొడుగవుదామని పోతున్నా."

ఆమె నవ్వలేదు. తలగుడ్డ కొంగుతో మొహం కప్పుకుంది. గుర్రాన్ని తోలేశారు. అది మలుపు తిరిగేదాకా చూశాను. ఈ రోజు మొత్తంలో నాకు దక్కింది అదే, దాన్ని కళ్లారా చూసుకున్నాను.

పడవలో డెన్‌కూమ్‌నీ నన్నూ ఎదురెదురుగా, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చోబెట్టారు. "ఒక్క మాట మాట్లాడినా నీళ్లలో తోస్తాను," అన్నాడు బల్లెం పట్టుకున్నవాడు. పోటు పడవని ఎత్తి లండన్ వైపు లాగింది. సూర్యుడు ఇంకా పూర్తిగా దిగలేదు. నాకు నిద్ర ముంచుకొస్తోంది. ఇంత జరిగినా నిద్రే.

నా మోకాలికి ఏదో తట్టింది. కళ్లు తెరిచాను. డెన్‌కూమ్ నా వైపే చూస్తున్నాడు. కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని, అరచెయ్యి మెల్లగా ఇటు నుంచి అటు తిప్పాడు, ఆకు తిప్పినట్టు. పుస్తకం. మఠంలో పుస్తకం కావాలంటే అలాగే అడిగేవాళ్లు.

తర్వాత రెండు వేళ్లు చూపాడు. ఒక వేలు మడిచి, మిగిలినదాన్ని తన గుండెకి ఆనించాడు. మడిచిన వేలు మళ్లీ తెరిచి, అడ్డంగా తల ఊపాడు.

దొంగరాతలు రెండు. ఒకటే నాది, రెండోది కాదు అంటున్నాడు.

ఎందుకు చెబుతున్నాడో అర్థమైంది. టవర్‌లో రెండింటికీ కలిపి అతణ్నే ఉరితీస్తారు. మరి రెండోది ఎవరిదని నేను కనుబొమ్మలు ఎగరేశాను. అతను వేళ్లన్నీ దగ్గరికి చేర్చి నుదుటికి ఆనించాడు. మఠానికి పెద్ద ఎవరో ఆయనకి పెట్టే సైగ అది. తర్వాత కళ్లు తిప్పి, నా భుజం మీదుగా, వెనక్కి పోతున్న రాజమందిరం కిటికీల వైపు చూశాడు.

అప్పుడు నా చెవుల్లో స్నెల్ గొంతు వినబడింది. గుర్రం మీద నుంచి పడినా 'పడితిని, లేచితిని' అని ఊరుకునే పిల్లవాడు 'నాకు తండ్రిలాంటి వెల్మర్' అని రాశాడట. గది తాళాలు ఆ ఒక్క ఆకు మీదే చేతులు మారాయి. ఆ ఆకుని నేను వెలుగులో పెట్టి చూడలేదు. చూడలేదని నా నోటితో నేనే ఆయనకి చెప్పాను. ఇప్పుడు పుస్తకమూ ఆయన దగ్గరే, దగ్గుతున్న పిల్లవాడూ ఆయన దగ్గరే.

"పడవ తిప్పండి!" అని లేవబోయాను. బల్లెం కర్ర నా భుజం మీద పడి నన్ను కూర్చోబెట్టింది. వెనక కిటికీల్లో ఒక్క రాజుగారి గది కిటికీలోనే దీపం వెలిగించారు. పోటు మంచి ఊపు మీద ఉంది.